మగ్గం గుంటలో సర్వర్

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉంది. కూరగాయలు తూచే రాయిని తిప్పి అడుగు చూడటం, తాళం వేశాక మళ్ళీ ఒకసారి లాగి చూడటం, నన్ను చూసి ఎవరైనా గొంతు తగ్గిస్తే ఎందుకు తగ్గించారని అడగటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ అలవాటు వల్ల మోసపోయింది తక్కువే. అలాంటిదాన్ని, తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న ఏళ్ళలో, సిద్దిపేటలో మా ఇంట్లోనే, నా చేతులతో నేను పెట్టిన యంత్రం విషయంలో ఒకరి తర్వాత ఒకరిని అనుమానించి కూడా అసలు సంగతి కనిపెట్టలేకపోయాను. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు. రాస్తే చల్లారుతుందేమో చూద్దాం.

మాది నేత ఇల్లు. ముందుగదిలో, గడప దాటగానే ఎడమచేతి వైపు మగ్గం గుంట ఉండేది. నేసే మనిషి నేల మీద కూర్చుని, కాళ్ళు ఆ గుంటలోకి దించి, అడుగున ఉన్న కర్రలను తొక్కుతూ నేస్తాడు. గుంటలో ఎప్పుడూ కాస్త తడి ఉండాలి. గాలి పొడిబారితే నూలు పోగులు పటపటా తెగిపోతాయి. అందుకని ఎండాకాలంలో మా బాపు పొద్దున్నే గుంట చుట్టూ నీళ్ళు చిలకరించి, అంచున తడి గోనె పరిచి, అప్పుడు కూర్చునేవాడు. నేను పదో తరగతిలో ఉండగా మగ్గం తీసేశాం కానీ గుంటను పూడ్చలేదు. పూడుద్దామని అవ్వ ఎన్నిసార్లన్నా, "ఉండనీ, గదేమన్న తిండి అడుగుతున్నదా?" అనేవాడు బాపు. పైన చెక్కలు పరిచి, చెక్కల మీద చాప వేసి, లోపల ఉల్లిగడ్డలు పోసుకునేవాళ్ళం.

నేను కంప్యూటర్ నేర్చుకుని వీడియో మిక్సింగ్ పనిలో పడ్డాను. స్టూడియోవాళ్ళు తీసుకొచ్చిన పెళ్ళి వీడియోలను కత్తిరించి, పాటలు కలిపి, పూలరేకులు రాల్పించి, హృదయం బొమ్మలో పెళ్ళికొడుకు తలకాయ ఇరికించి ఇవ్వడమే మిక్సింగ్. కొన్నాళ్ళకు నేనే ఒక కెమెరా కొనుక్కున్నాను. కెమెరా పట్టింది ఆడపిల్లయితే పెళ్ళివారి ఆడవాళ్ళు వంటింట్లోకీ రానిస్తారు, మనసు విప్పి ఏడుస్తారు కూడా. దాంతో చిన్నకోడూరు నుంచి, మిరుదొడ్డి నుంచి నాకోసమే కబురు పెట్టేవాళ్ళు.

చిక్కంతా నిలవ చేయడంలో వచ్చింది. పెళ్ళి వీడియో అప్పగించాక అసలు ఫైళ్ళు తుడిచేస్తే జాగా మిగులుతుంది. కానీ తుడవడానికి చెయ్యి రాదు. ఏడాది తిరక్కుండా ఆ పెళ్ళిలో ఉన్న తాతో అత్తో పోతారు. పోయిన మనిషి నడుస్తున్నట్టు, నవ్వుతున్నట్టు ఎక్కడైనా ఉందా అని ఇంటివాళ్ళు కళ్ళ నిండా నీళ్ళతో నా దగ్గరికే వస్తారు. లేదని ఎలా చెప్పను? అలా హార్డ్ డిస్కులు పోగుపడ్డాయి. బీరువాలో చీరల మడతల మధ్య కలరా ఉండలతో పాటు అవే ఉండేవి. గుర్తు కోసం పెళ్ళిళ్ళ డిస్కులకు ఎర్ర బొట్టుబిళ్ళలు, ఉద్యమం డిస్కులకు నల్ల బొట్టుబిళ్ళలు అంటించేదాన్ని.

ఎందుకంటే ఈలోపు ఉద్యమం వచ్చింది. రాత్రంతా ఆటపాటల ధూంధాం అంటే వీడియో, రోడ్డు మీద బతుకమ్మ అంటే వీడియో, మంగలివాళ్ళ ర్యాలీ, మాస్టర్ల ర్యాలీ, దర్జీల దీక్ష, అన్నింటికీ "అక్కా, మాది గూడ తియ్యరాదే" అని పిలుపు. తీశాక ఊరికే ఉంటారా? సాయంత్రానికి మా వాకిట్లో చెప్పుల గుట్ట. మా వాడకట్టంతా వచ్చి టీవీలో తమను తాము చూసుకునేవాళ్ళు. ఏ డిస్కులో ఏముందో వెతకలేక, పీకిన వైరే పీకి పెట్టిన వైరే పెట్టి నాకు ప్రాణం విసిగిపోయింది. చివరికి అన్నింటినీ ఒక్కచోట పెట్టి, ఏ టీవీలో కావాలంటే ఆ టీవీలో చూసుకునేలా ఇంట్లోనే ఒక సర్వర్ పెట్టాలని నిశ్చయించుకున్నాను.

పాత కంప్యూటర్ డబ్బా ఒకటి సంపాదించి, అందులో పెద్ద డిస్కులు జతలు జతలుగా బిగించాను. పాత డిస్కుల్లోవన్నీ వీటిలోకి ఎక్కించి, పాతవి అమ్మేసి, వీటికీ అవే ఎర్ర, నల్ల బొట్లు అంటించాను. ఒకదానిలో రాసింది రెండో దానిలో కూడా దానంతటదే పడుతుంది. ఒకటి చెడినా రెండోది ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఒక వైరు ముందుగది టీవీకి, ఒకటి వెనక గదుల మీది మేడలో కిరాయికి ఉన్నవాళ్ళకు, ఒకటి గోడ మీదుగా పక్కింట్లో మా మేనత్తకు లాగాను. ఎవరు ఎప్పుడు ఏ వీడియో చూస్తున్నారో నా కంప్యూటర్ తెర మీద నాకు కనిపించేది. నాలాంటిదానికి అంతకన్నా ఏం కావాలి?

వేడి ఒక్కటే లొంగలేదు. మా ముందుగది రేకుల కప్పు కింద ఆ డబ్బా మూలిగేది, ఫ్యాను పెడితే దుమ్ము పీల్చేది. బాపు దాని మీద అరచెయ్యి ఆనించి చూసి, "గుంటల పెట్టరాదు బిడ్డా, సల్లగుంటది," అన్నాడు. ఉల్లిగడ్డలు తీసేసి, పీట వేసి, దాని మీద డబ్బా దించాను. నిజంగానే చల్లబడింది. కరెంటు పోయినప్పుడు నడవడానికి ఇన్వర్టర్ వైరు కూడా లోపలికే దించాను.

తెర మీద మొదట నా కళ్ళలో పడింది మేడ మీదివాళ్ళు. ఆయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి, మెత్తటి మనిషి. కానీ ఆ రోజుల్లో మెత్తదనాన్ని కూడా అనుమానంగానే చూసేవాళ్ళం. రోజూ మధ్యాహ్నం వాళ్ళ టీవీలో మా ధూంధాం వీడియోనే నడుస్తోంది. మన పాటలు వాళ్ళకెందుకు? మొహాలు గుర్తుపట్టి ఎవరికైనా చెబుతున్నారా? తోడు పెరుగు అడిగే నెపంతో మెట్లెక్కాను. ఆయన భార్య పాపకు అన్నం తినిపిస్తోంది. "ఏం చెయ్యమంటారండీ, ఆ డప్పు పాట పెట్టకపోతే ఇది ముద్ద మింగదండీ," అంది. పాప నోటి నిండా పప్పన్నంతో గంతులు వేస్తోంది. పెరుగు తీసుకుని దిగివచ్చాను. అయినా ఆ తర్వాత ఆయన బ్యాంకు నుంచి త్వరగా వచ్చిన రోజున మాత్రం ఎందుకొచ్చాడా అని ఒక కన్ను వేసే ఉంచాను.

ఇక అసలు సంగతి.

నాకు ఒక్కడే తమ్ముడు. డిగ్రీ చదివి పోలీసు కానిస్టేబుల్ ఎంపికకు తయారవుతుండేవాడు. ఊరంతా లాఠీలను తిడుతున్న కాలంలో పోలీసు కొలువేందిరా అని స్నేహితులు ఆటపట్టిస్తే, "పొద్దున లాఠీ తప్పించుకోను ఉరుకుతున్న, మాపటికి గ్రౌండుల ఉరుకుతున్న, రెండిటికీ ఒకటే ప్రాక్టీసు," అనేవాడు. పరుగు గెలిచాడు, రాతపరీక్ష గెలిచాడు. ఇక మిగిలింది వెరిఫికేషన్. మనిషి మీద కేసులేవీ లేవని పైవాళ్ళు విచారించుకుంటే ఉత్తర్వులు వస్తాయి. మా వంశంలో నెల తిరగ్గానే జీతం అందుకునే మొదటి మనిషి వాడే అవుతాడని అవ్వ అప్పుడే వాడకట్టంతా చాటింది.

మేనత్తకూ ఒక్కడే కొడుకు, నాకు బావ. మామ భీవండిలో పవర్‌లూముల మీద పనిచేసి, ఊపిరితిత్తులు చెడి, ఇంటికొచ్చి పోయాడు. బావ కూడా అక్కడే పనిచేస్తూ ఉద్యమం కాక పట్టాక తిరిగొచ్చేశాడు. ముక్కు మీద కోపం మనిషి. మా ఇద్దరికీ పెళ్ళి చేయాలన్న మాట పెద్దవాళ్ళ నోళ్ళలో నానుతూ ఉండేది. నీకిష్టమేనా అని అప్పుడెవరైనా అడిగితే కస్సుమనేదాన్ని. ఇష్టం లేకపోలేదు.

ఒకరోజు పెద్దరోడ్డు మీద వంటావార్పు పెట్టారు. ఆ రోజుల్లో అదొక నిరసన. పొయ్యిలు, వంట గంజులు రోడ్డు మీదికే తెచ్చుకుని, అక్కడే వండుకుని, పంక్తులుగా కూర్చుని అక్కడే తినడం. బండ్లన్నీ ఆగిపోయేవి. నేను ఒక బట్టల దుకాణం మేడ మీద నుంచి వీడియో తీస్తున్నాను. తమ్ముడు పప్పు వడ్డిస్తున్నాడు. ఆగి ఉన్న బస్సు ఒకటి మెల్లగా వెనక్కి తిరగబోయింది. ఎవరో రాయి విసిరారు. అద్దం పగిలి డ్రైవర్ తలకు తగిలింది. రక్తం కారింది. పోలీసులు వచ్చేసరికి అందరూ పరుగెత్తారు. మా తమ్ముడు మాత్రం పప్పు గంజు కిందపడితే అంత పప్పు నేలపాలవుతుందని దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. దొరికినవాళ్ళలో వాడొకడు. చేతిలో గరిటెతోనే జీపెక్కించారు.

డ్రైవర్‌కు చాలా కుట్లు పడ్డాయి, చాలా రోజులు దవాఖానలో ఉన్నాడు. కేసు గట్టిగా పెట్టారు. తమ్ముడు జామీను మీద వచ్చాడు కానీ పేరు మాత్రం కేసులో ఉండిపోయింది. మా వకీలు ఒకటే చెప్పాడు: "రాయి పడ్డప్పుడు పిల్లగాడు వేరే పని మీదున్నట్టు వీడియో ఉంటే చూపెట్టుర్రి, వెరిఫికేషన్‌కు ముందుగాల్నే పేరు తీపిద్దాం. కానీ కత్తిరించింది చెల్లది. తీసింది తీసినట్టు మొత్తం ఇయ్యాలె."

నేను ఇంటికొచ్చి తలుపులు వేసుకుని వీడియో పెట్టాను. రాయి పడే ముక్క దగ్గర ఆపాను. తెరకు కుడివైపు మా తమ్ముడు వంగి ఒక ముసలాయన విస్తరిలో పప్పు వేస్తున్నాడు. ఎడమవైపు చివర ఒక చెయ్యి లేస్తుంది, వెనకే మొహం తిరుగుతుంది. అది మా బావ. ఒకే తెర మీద, ఒకే క్షణంలో ఇద్దరూ. తమ్ముణ్ణి చూపిస్తే బావ కనపడక తప్పదు. బావను కత్తిరించడం నాకొక పనా? పెళ్ళిళ్ళలో ఎంతమంది అలిగిన చుట్టాలను కత్తిరించలేదు! కానీ కత్తిరిస్తే చెల్లదు.

బాపునూ తమ్ముణ్ణీ పిలిచి చూపించాను. తమ్ముడు ఒక్కసారి చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. బాపు మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ చూశాడు. లేచి పోయి అరుగు మీద కూర్చున్నాడు.

"వాయిదా నాడు నా చేతుల్తోని నేనే కోర్టుల ఇస్త," అన్నాను. "రాయి ఏసినోడు రాయి లెక్కనే కూసున్నడు. పప్పు పోసినోనికి శిక్షా?"

తమ్ముడు గొణిగాడు: "బావ లోపటికి పోతే అత్తమ్మ ఏమైతదే?"

"నీ కొలువు పోతే మన అవ్వ ఏమైతది?"

తమ్ముడు మెతకవాడు. వాడూ బావా చిన్నప్పుడు ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళు. వాణ్ణి నమ్మలేననిపించింది. ఆ పూటే సర్వర్ పాస్‌వర్డ్ మార్చేసి, అది లేకుండా ఆ వీడియో ఏ టీవీలోనూ కనపడకుండా, తుడవడానికి వీలు కాకుండా చేశాను. మర్నాడు వాడు, "అక్కా, పాస్‌వర్డ్ చెప్పరాదు, మల్లొకసారి చూస్త," అన్నాడు. ఎందుకన్నాను. ఊరికే అన్నాడు. ఊరికే అన్నవాళ్ళకు నేనేదీ ఇవ్వను.

వకీలు ముందుగా ఒక సీడీ చేసివ్వమన్నాడు. ఆయన దగ్గరి జూనియర్‌ది మా మేనత్త అత్తగారి ఊరే. ఆ సీడీ ఎవరి చేతుల్లో పడుతుందో ఎవరికి తెలుసు? నేనే తెస్తానని చెప్పాను. కెమెరా కార్డులో ఉన్నది అప్పటికే తుడిచి తర్వాతి పెళ్ళికి వాడేశాను. జత డిస్కులు ఉండనే ఉన్నాయి కదా. ఆ వీడియో నా గుంటలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. అది నాకు ధీమాగా ఉండేది.

తెర మీద మేనత్త ఇంటి టీవీ వేళాపాళా లేకుండా వెలుగుతోంది. పెళ్ళి వీడియోలు కాదు, నల్ల బొట్టువి తిరగేస్తున్నారు. తెరవడం, మూసేయడం, ఇంకొకటి తెరవడం. వెతుకుతున్నారని అర్థమైంది. గోడ మీది వైరు పీకేశాను. మేనత్త వచ్చి, "మా ఇంట్ల వీడియో వస్తలేదు కోడలా," అంటే, "ఎలుకలు కొరికినయ్ అత్తమ్మా," అన్నాను.

ఆ సాయంత్రమే బావ వచ్చాడు. అరుగు దాటి లోపలికి రాలేదు.

"గా వీడియో ఒక్కసారి చూపెట్టరాదు."

"ఏం చూస్తవు? నీ చెయ్యి నీకెరుక లేదా?"

"నేను డ్రైవర్‌ను చూసి ఎయ్యలే పిల్లా. అద్దానికి ఏసిన."

"అద్దం ఎనుక ఎవరుంటరు? దేవుడుంటడా?"

"నీ తమ్మునికి కొలువు రావాలె. నాకు గూడ గదే ఉన్నది. కానీ మా అవ్వ..." అని ఆగిపోయాడు. నేను తలుపు దగ్గరికి వేశాను. వాడి గొంతులో నిజంగానే బాధ వినిపించింది. నటిస్తున్నాడేమో అని కూడా వెంటనే అనిపించింది. రెండూ ఒకేసారి అనిపించడమే నా రోగం.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బొగ్గు బావులు కూడా ఆగిపోయి, కరెంటు ఉండేదానికన్నా పోయేదే ఎక్కువ. వాయిదా దగ్గర పడింది. మిరుదొడ్డిలో ఒక నిశ్చితార్థం ఒప్పుకుని ఉన్నాను. బస్సులు లేవు, వాళ్ళే ఆటో పంపించారు. వెళ్ళేముందు చెక్కలు సరిచేసి, చాప పరిచి, బాపుతో, "ఎవ్వర్ని దీని కాడికి రానియ్యకు," అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. బాపు తలూపాడు.

దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చాను. గడపలోనే కాలిన వాసన. చాప గోడకు ఆనించి ఉంది. చెక్కలు పక్కన పడి ఉన్నాయి. బాపు గుంట అంచున, మగ్గం ఉన్నప్పుడు కూర్చునే చోటే, కాళ్ళు లోపలికి దించి కూర్చున్నాడు. పిక్కల దాకా నీళ్ళు. ఆ నీళ్ళలో పీట తేలుతోంది. డబ్బా పక్కకు ఒరిగి ఉంది. ఇన్వర్టర్ వైరు పీకి గట్టున పడేసి ఉంది.

"మిషిని కాలుతున్నది బిడ్డా," అన్నాడు నా వైపు చూడకుండా. "చెయ్యి పెడితె సుర్రుమన్నది. ఎనుకటి లెక్క గుంటకు జర తడి చేసిన. ఎక్కువైంది."

ఇన్వర్టర్ మీద నడుస్తున్న యంత్రానికి నీళ్ళు! నేనూ గుంటలోకి దిగి, ఖాళీ డబ్బా చూసి, "డిస్కులేవీ?" అని అరిచాను. అవ్వ దాబా మీది నుంచి పిలిచింది. బురద పట్టాయని ట్యాపు కింద శుభ్రంగా కడిగి, వడియాలు పెట్టినట్టు పాత చీర మీద వరసగా ఆరబెట్టింది. ఎర్ర బొట్లు, నల్ల బొట్లు అన్నీ ఊడిపోయి ఉన్నాయి. తర్వాత వాటిని పట్నం తీసుకెళ్ళి చూపించాను. అక్కడివాళ్ళూ చేతులెత్తేశారు.

మా బాపు నలభై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి. చేతికి వేడి తగిలితే తడి చేయడం ఆయన ఒంట్లో ఉన్న పని. ఆ తప్పు నేతగాడే చేయగలడు, అందుకే అందరూ నమ్మారు. నేనూ నమ్మాను. కానీ ఆయనకు ఆ పని తోచేలా ఎవరో చెప్పి ఉంటారు కదా? "ఇయ్యాల ఎవరొచ్చిన్రు?" అని అవ్వను అడిగాను. పగటిపూట బావ వచ్చి పోయాడంది.

నాకింక ఆధారాలు అక్కర్లేదు. తడిసిన చీర కుచ్చిళ్ళతోనే పక్కింటికి నడిచాను. బావ అన్నం తింటున్నాడు.

"ముసలోనికి ఏం చెప్పినవ్? మిషిని కాలుతున్నది మామా, నీళ్ళు పొయ్యి అన్నవా?"

"నేనేం చెప్తనే? మామ అరుగు మీద కూసుంటే మంచిగున్నవా అని అడిగి పోయిన."

"నీ తప్పు నీళ్ళల్ల కలిపినవ్. నా తమ్ముని బతుకు గూడ కలిపినవ్. రాయి ఏసుడే కాదు, దాసిపెట్టుడు గూడ మంచిగ నేర్సినవ్ భీవండిల."

ఇంకా అన్నాను. పోయిన మామ గురించి అనకూడని మాట కూడా ఒకటి అన్నాను. మేనత్త మధ్యలోకి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "పోతడు తియ్ బిడ్డా, మల్ల నీ కండ్లకు కనవడకుంట పోతడు తియ్," అని ఏడ్చింది. బావ చేతిలోని ముద్ద పళ్ళెంలో వదిలేసి లేచాడు. ఆ గోడకు ఇవతల మా బాపు ఉన్నాడు. ప్రతి మాటా ఆయన చెవిన పడే ఉంటుంది. రాలేదు.

ఆ వారం తిరక్కుండానే బావ దొరికిన లారీ ఎక్కి భీవండి వెళ్ళిపోయాడు. కోర్టుకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు. వెరిఫికేషన్‌లో తమ్ముడి పేరు పక్కకు పెట్టేశారు. అవ్వ వారం రోజులు పొయ్యి దగ్గర కూర్చుని వండటం మరిచిపోయింది. తమ్ముడు ఎవరినీ తిట్టలేదు. వాడి వంతు కూడా నేనే తిట్టాను. నా కెమెరా తీసుకుని పెళ్ళిళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టాడు. పాత పెళ్ళి వీడియోల కోసం వచ్చినవాళ్ళకు లేవని చెప్పే పని నాకు పడింది. ఒక పెద్దమ్మ చనిపోయిన కొడుకు ఊరేగింపు వీడియో అడిగి, లేదంటే నమ్మక, నా కంప్యూటర్ తెరను కొంగుతో తుడిచి మళ్ళీ చూడమంది.

తెలంగాణ వచ్చింది. ఉద్యమం కేసులు ఎత్తేశారు, తమ్ముడిది కూడా పోయింది. కానీ అప్పటికి వాడికి పోలీసు కొలువు వయసు దాటిపోయింది. నా పెళ్ళి ధూళిమిట్ట వైపు సంబంధంతో జరిగింది. మా ఆయన మంచివాడు, నా అనుమానాలకు నవ్వుతాడు. పెళ్ళికి మేనత్త ఒక్కతే వచ్చి అక్షింతలు వేసి పోయింది. బావ ఊసు ఎత్తితే చాలు నాకు ఒళ్ళు మండేది. కనీసం తప్పయిందని ఒక్క మాట అనలేదు కదా అని.

తర్వాత కొన్నాళ్ళకు తమ్ముడి పెళ్ళి కుదిరింది. ఇంటికి బండలు వేయిద్దామనుకున్నారు. గుంట పూడ్చాలన్నాడు మేస్త్రీ. ఆ పనికి నేనూ వచ్చాను. తమ్ముడు తట్టలతో మట్టి అందిస్తున్నాడు, మేస్త్రీ గుంటలో పోసి దిమ్మిసతో కొడుతున్నాడు. బాపు పక్కన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. చూపు తగ్గింది, చెవులు మాత్రం బాగానే ఉన్నాయి.

పెళ్ళికి బావను పిలుస్తామని అవ్వ అంది. నాకు కోపం వచ్చింది.

"వాన్నెందుకు? ముసలోన్ని ఉసిగొల్పి గుంటల నీళ్ళు పోపిచ్చినోడు. తడి ఎంతుండాల్నో తెల్వని మనిషిని చేసిండు మా బాపును."

బాపు కుర్చీలో కదిలాడు.

"గుంటల తడి ఎంతుండాల్నో నాకెరుక లేదా బిడ్డా?" అన్నాడు.

మేస్త్రీ కూడా కొట్టడం ఆపాడు.

"నాకు ఎవ్వరు చెప్పలే. ఎరికతోనే పోసిన. వాడు లోపటికి పోతే మా చెల్లె బతకదు. దాని మగడు పాయె. ఉన్నది వాడొక్కడు. మనోనికి ఈ కొలువు గాకుంటె ఇంకో పని దొరుకుతది. దానికి ఇంకో కొడుకు దొరుకుతడా? నిన్ను చూస్తె నువ్వు ఇనేతట్టు లేవు. వీనికి నా నోటితోని ఎట్ల చెప్పుదు, నీ కొలువు ఇడిచిపెట్టురా అని?"

నేను తమ్ముడి వైపు తిరిగాను. వాడు భగ్గున మండుతాడని, మండాలని, ఇన్నేళ్ళకైనా ఆ నోటి నుంచి ఒక గట్టి మాట వస్తుందని చూశాను. వాడు తట్ట కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు.

"బాపుకు నడుం నొప్పి అక్కా. గన్ని నీళ్ళు ఒక్కడే ఎట్ల మోస్తడు? బిందెలతోని తెచ్చిపోసింది నేనే."

"నువ్వా?" అన్నాను.

"బాపు నన్ను అడుగలే. చెక్కలు తీసి గుంట కాడ ఊకెనే కూసున్నడు. నాకు సమజైంది. నువ్వు పాస్‌వర్డ్ ఇచ్చుంటె గా ఒక్క వీడియో తుడుద్దుమనుకున్న. ఇయ్యకపోతివి. గందుకే అన్ని పోయినయ్."

"బావకు తెలుసా?"

"తెల్వది. ఇప్పటికి తెల్వది. నువ్వన్న మాటలే ఎరుక వానికి."

నాకు ఏడుపు వచ్చింది. అంతకన్నా ఎక్కువ కోపం వచ్చింది. బావ మీద కాదు, ఇంకెవరి మీదో చెప్పలేను. ఆ ఇంట్లో వాళ్ళిద్దరికీ తెలుసు, నాకే తెలియదు. నా మాటలన్నీ గోడకు ఇవతల కూర్చుని విన్నారు. నేను తమ్ముడి తరఫున ఊరంతా కొట్లాడుతుంటే వాడు పక్కనే నిలబడి కెమెరా అద్దం తుడుచుకుంటూ ఉండేవాడు.

"నన్నొక్క మాట అడగచ్చు గదరా," అన్నాను.

"అడిగితె పాస్‌వర్డ్ ఇస్తుంటివా?"

ఇచ్చేదాన్ని కాదు. వాడి కొలువు వాడిది, వాడు కష్టపడి పరుగెత్తి తెచ్చుకున్నది. ఇవాళ మళ్ళీ అడిగినా ఇవ్వను. ఆ మాటే వాడితో అన్నాను.

"గందుకే అడుగలే అక్కా," అని మా తమ్ముడు మేస్త్రీకి ఇంకో తట్ట మట్టి అందించాడు.